సిస్టరమ్మ సలూ, మా నాన్న సాలు

మా నాన్న తాగుడు మానేసిన సంగతి మణుగూరులో మా కాలనీ మొత్తానికీ తెలుసు. ఆయన తాగే రోజుల్లో ఆ సంగతి అంతమందికి తెలియదు. బొగ్గు గనిలో పంపు ఆపరేటరు ఆయన. డ్యూటీ దిగాక నెమ్మదిగా తాగి, నెమ్మదిగా నడిచొచ్చి, మా క్వార్టరు గేటు దగ్గర కూర్చుని చర్చి పాటలు పాడుకునేవాడు. పాటలు అయిపోయాక దారిన పోయేవాళ్ళను పిలిచి ఇంట్లో సామాను పంచిపెట్టేవాడు. మా టేబుల్ ఫ్యాను అలాగే పోయింది. తీసుకున్నాయన తిరిగిస్తాడేమోనని అమ్మ చాలా కాలం ఎదురుచూసింది. ఆయన మా ఎదురు వరసలోనే ఉండేవాడు. ఎండాకాలమంతా కిటికీ తెరుచుకుని మా ఫ్యాను గాలికి మా కళ్ళముందే పడుకునేవాడు.

ఇవన్నీ చెప్పుకుని నవ్వుకోవడానికి బాగానే ఉంటాయి. ఒక వానాకాలం మాత్రం నాన్న గేటు దాకా రాలేదు. మోరీలో పడిపోయాడు. నీళ్ళు ఆయన గడ్డం దాకా వచ్చాయి. అమ్మ ఒక్కతే రెక్క పట్టుకుని ఒడ్డుకు లాగింది. ఆ రోజు అమ్మ తిట్టలేదు, ఏడవలేదు. ఒంటి మీది బురద కడిగి, పొడి బట్టలు తొడిగి, గంజి తాగించింది. అమ్మ తిట్టకపోవడం చూసి నాకు చచ్చేంత భయమేసింది.

ఆ ఆదివారమే చర్చిలో అందరి ముందూ నాన్న చేత ప్రమాణం చేయించింది. మత్తు ముట్టను అంటే ఫాదర్‌గారికి సరిపోయేది గానీ, అమ్మకు నాన్న సంగతి తెలుసు. వదులుగా వదిలితే ఎక్కడో ఒకచోట సందు చూసుకుంటాడని పేరుపేరునా చెప్పించింది. సారా ముట్టను, కల్లు ముట్టను, బ్రాందీ ముట్టను, బీరు ముట్టను. నాన్న అక్కడ ఆపి కూర్చోబోతుంటే ఆడవాళ్ళ వైపు నుంచి అమ్మ గొంతు వినిపించింది, ఇప్పసారా కూడా అని. నాన్న మళ్ళీ లేచి అదీ చెప్పాడు. ఇంటికొచ్చాక అమ్మ తన వంతు ప్రమాణం తను చేసింది.

"మళ్ళీ ముట్టావంటే పిల్లను తీసుకుని పెనుబల్లి బస్సెక్కుతా. ఎక్కానంటే ఇంక రాను."

పెనుబల్లి అమ్మ పుట్టిన ఊరు. అమ్మ అన్న మాట వెనక్కి తీసుకునే మనిషి కాదు. ఉప్పెక్కువైందని ఒకసారి నాన్న నోరు జారినందుకు ఏడాది పాటు చేపల పులుసు వండలేదు, వాసన కూడా చూపించలేదు. అందుకని నాన్న మాట నిలబెట్టుకున్నాడు, మా ఇల్లు నిలబడింది. కాకపోతే తాగుడుతో పాటు పాటలు కూడా మానేశాడు. డ్యూటీ నుంచి వచ్చి గేటు దగ్గర కూర్చుని, టీ తాగుతూ రోడ్డు వైపు చూసేవాడు. అమ్మ ఆ టీ గ్లాసును కూడా వాసన చూశాకే కడిగేది.

అలాంటి ఇంటికి మెక్సికో నుంచి సిస్టరమ్మ వచ్చింది.

కాలనీ దాటి అడవిలోకి పోయే దారిలో మిషన్ సిస్టర్ల చిన్న దవాఖానా ఉండేది. అందులో నర్సుగా కొన్నాళ్ళు పనిచేయడానికి ఆమెను పంపారు. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలు. సెల్‌ఫోను ఉన్నవాళ్ళు దాన్ని చొక్కా జేబులోంచి సగం బయటికి కనపడేలా పెట్టుకు తిరిగే కాలం. మెక్సికో ఎక్కడుందో చూద్దామని నాన్న నా పాత అట్లాసు తెరిచాడు. అమెరికా కింద కనపడింది. కింది పోర్షన్‌ల కిరాయికి ఉన్నట్టున్నరు అన్నాడు.

నేనప్పటికి ఖమ్మంలో డిగ్రీ ముగించి ఇంట్లో ఖాళీగా ఉన్నాను. ఇంగ్లీషు వస్తుందన్న అపవాదు నా మీద ఉండేది. అందుకని ఫాదర్‌గారు నన్ను ఆమెకు దుబాసీగా పెట్టారు. ఆమె ఇంగ్లీషు స్పానిష్‌లో నానింది, నా ఇంగ్లీషు ఖమ్మంలో ఎండింది. మేమిద్దరం మాట్లాడుకుంటుంటే మూడో మనిషికి పోట్లాడుకుంటున్నట్టు ఉండేది. నాకు అసలే కోపం ముక్కు మీద ఉంటుంది. ఒకే మాట మళ్ళీ మళ్ళీ అడిగితే నేను గొంతు పెంచేదాన్ని, ఆమె నవ్వేది. ఆమె నవ్వితే నాకింకా మండేది. పొట్టిగా, బొద్దుగా, అచ్చం మా మేనత్త రంగులో ఉండేది. కాలనీలో చాలామంది ఆమెది కేరళ అనుకున్నారు.

మొదటి ఆదివారం మా ఇంటికి భోజనానికి పిలిచాం. ఫారిన్‌వాళ్ళు కారం తినరని అమ్మ కోడికూరను పత్యం కూరలాగా చప్పగా వండింది. సిస్టరమ్మ రెండు ముద్దలు తిని, మర్యాదగా నవ్వి, సంచీలోంచి ఒక డబ్బా తీసి అందులోని ఎండుమిరపకాయల పొడి కూర మీద చల్లుకుంది. అమ్మకు తల కొట్టేసినంత పనైంది. మిర్చికి పేరుపడ్డ జిల్లాలో, ఇంటికొచ్చిన మనిషి తన కారం తనే తెచ్చుకుని తినడం చిన్న అవమానం కాదు. మరుసటి వారం నుంచి అమ్మ కారం వేస్తుంటే మేము నీళ్ళ బిందె పక్కన పెట్టుకుని తినాల్సి వచ్చింది. సిస్టరమ్మ మాత్రం ఇప్పుడు బాగుందన్నట్టు తలూపేది.

ఆ మొదటి రోజే చేయి కడుక్కోవడానికి పెరట్లోకి వచ్చి, ఎర్ర గోంగూర మొక్కల దగ్గర ఆగిపోయింది. మేము ఆకు కోసుకుని, పువ్వు రాలాక కాయ చుట్టూ మిగిలే ఎర్రటి డొప్పలను వదిలేస్తాం. ఆమె ఆ డొప్పలను ఒడి నిండా కోసుకుంది. వాళ్ళ దేశంలో వాటిని ఎండబెట్టి, నీళ్ళలో మరిగించి, చక్కెర కలిపి, చల్లార్చి తాగుతారట. రాసేటప్పుడు జమైకా అని రాసి, పలికేటప్పుడు హమైకా అంటారట. ఈ సంగతి నేను అమ్మకు చెబితే, గోంగూర కలుపుకుని తినేది గాని తాగేదేంటి, వాళ్ళకు అన్నం లేదా అని జాలిపడింది.

మళ్ళీ ఆదివారం సిస్టరమ్మ ఆ నీళ్ళు ఒక పెద్ద జగ్గు నిండా తెచ్చింది. ఆ ఎరుపు చూస్తే దవాఖానా నుంచి తెచ్చిందన్న అనుమానం ఎవరికైనా వస్తుంది. తాగితే మాత్రం పుల్లగా, తియ్యగా, చల్లగా గొంతు దిగి ప్రాణం లేచొచ్చింది. దాన్ని తాగడానికి ఒక పద్ధతి కూడా ఉందని నాకు చెప్పింది. మనలాగా గ్లాసు ఎత్తిపట్టి నోట్లోకి పోసుకోకూడదు, పెదవులు గ్లాసుకు ఆనాలి. నిలబడి తాగకూడదు. ఒంటరిగా తాగకూడదు. గుక్కకూ గుక్కకూ మధ్య ఏదో ఒక కబురు చెప్పుకోవాలి. అన్నిటికంటే ముందు, ఎదుటి మనిషి కళ్ళలోకి చూసి, గ్లాసుకు గ్లాసు తాకించి 'సలూద్' అనాలి. ఆరోగ్యంగా ఉండు అని అర్థం. తాకించాక తాగకుండా కింద పెట్టడం మాత్రం మహా తప్పు. ఎదుటి మనిషి ఆరోగ్యం నాకక్కర్లేదు అన్నట్టట.

ఇదంతా నేను అమ్మకు అప్పజెప్పి, అసలైన ఆ సలూద్ దగ్గరికి వచ్చేసరికి పక్కింటావిడ పిలిచింది. బయటికి వెళ్ళాను. తిరిగొచ్చేలోగా జరగాల్సింది జరిగిపోయింది.

సిస్టరమ్మ ఊరివాళ్ళు ఆ మాట చివరి అక్షరాన్ని మింగేస్తారు. వినేవాళ్ళకు 'సలూ' అనే వినిపిస్తుంది. మా కాలనీలో చాలు అనరు, సాలు అంటారు. సిస్టరమ్మ గ్లాసెత్తి అమ్మ కళ్ళలోకి ప్రేమగా చూసి సలూ అంది, ఒక గుక్క తాగింది. ఒక్క గుక్కకే సాలు అంటోందంటే మొహమాటపడుతోందన్నమాట. మొహమాటపడే మనిషికి ఇంకొంచెం పోయడం మా ఇళ్ళల్లో మర్యాద. అమ్మ పోసింది. గ్లాసు కొత్తగా నిండింది గనక సిస్టరమ్మ మళ్ళీ అమ్మ కళ్ళలోకి చూసి సలూ అంది. అమ్మ మళ్ళీ పోసింది. నేను వచ్చేసరికి జగ్గు అడుగంటింది. సిస్టరమ్మ కుర్చీలో వెనక్కి వాలి, నుదుటి మీద చెమట తుడుచుకుంటూ, ఈ దేశపు ఆచారం ఇంత కష్టంగా ఉంటుందా అన్న మొహంతో తాగుతోంది. పాపం ఎంత మొహమాటమో అని అమ్మ జాలిగా పోస్తోంది.

నేను అసలు సంగతి చెబితే అమ్మ నన్నే కోప్పడింది. మనిషి సాలు అంటే పోయకుండా ఊరుకోమంటావా, మనకు మర్యాద లేదా అంది. సిస్టరమ్మకు చెబితే పొట్ట పట్టుకుని నవ్వింది, కానీ అలవాటు మాత్రం మానలేదు. నాన్న గోడకు ఆనుకుని ఇదంతా చూస్తూ చాన్నాళ్ళకు గట్టిగా నవ్వాడు. గ్లాసులు తాకించడాలు, జగ్గులు ఖాళీ అవడాలు ఆయనకు బాగా తెలిసిన లోకం. ఆ నవ్వు చూసి అమ్మ గ్లాసులు చకచకా ఎత్తేసింది.

అక్కడి నుంచి ప్రతి ఆదివారం మా వంటింట్లో ఒక ప్రయోగం జరిగేది. ఒక వారం సిస్టరమ్మ బియ్యం నానబెట్టి, దాల్చినచెక్కతో రుబ్బి, వడకట్టి, చక్కెర కలిపింది. దాని పేరు ఒర్చాతా. తెల్లగా, చిక్కగా, చాలా రుచిగా ఉంది. కానీ బియ్యం కడిగిన నీళ్ళలాంటివి ఏవి కనపడినా అమ్మ చేయి తనంతట తనే పక్కింటి గేదె కుడితి బక్కెట్టు వైపు పోతుంది. మేము తలా గ్లాసు తాగి రెండోసారికి వెళ్ళేలోగా మిగతాదంతా బక్కెట్టులో ఉంది. ఆ గేదె వారం పాటు మా గేటు వదల్లేదు.

ఇంకో వారం చింతపండు. పులుసు పిసికి, బెల్లం కలిపి, గిన్నె పొయ్యి గట్టు మీద పెట్టి, సిస్టరమ్మ నాతో పాటు మంచులో పెట్టిన నీళ్ళ సీసాల కోసం కిరాణా కొట్టుకు వచ్చింది. తాలింపు లేని చారు కళ్ళెదుట కనపడితే ఊరుకోవడం మా అమ్మ వల్ల అయ్యే పని కాదు. పాపం మర్చిపోయినట్టుంది అనుకుని ఉప్పేసి, వెల్లుల్లి దంచి వేసి, ఆవాలూ ఎండుమిర్చీ కరివేపాకుతో ఘుమఘుమలాడే తాలింపు పెట్టి మూత పెట్టేసింది. సిస్టరమ్మ గ్లాసులో పోసుకుని, నా కళ్ళలోకి చూసి, సలూ అని తాగింది. నాలుక మీది ఆవగింజను వేలితో తీసి చూసుకుంది. ఆ తర్వాత ఇంకో గ్లాసు అడిగి తాగింది. అప్పటి నుంచి మా చారుకు ఆమె పెట్టిన పేరు టపాకాయల చింతపండు.

మక్కపిండి, బెల్లం వేసి వేడి వేడి జావ కాచి, అతోలే అని ఇచ్చిన రోజున నాన్న నన్ను పక్కకు పిలిచి, ఇంట్ల ఎవరికన్నా పాణం బాగలేదా అని మెల్లగా అడిగాడు.

ఇంతవరకూ వచ్చినవన్నీ పసిపిల్లలు కూడా తాగేవే కాబట్టి అమ్మకు చింత లేదు. చింత రైలు కట్ట దగ్గర మొదలైంది. ఒకసారి నేనూ నాన్నా సిస్టరమ్మా బజారు నుంచి వస్తుంటే, కట్ట పక్కన కంచెగా పెంచిన కిత్తనార మొక్కలు చూసి సిస్టరమ్మ పరుగెత్తింది. వాటి ముళ్ళు గుచ్చుకుంటాయని నేను అరుస్తున్నా వినకుండా మట్టలను నిమిరింది. ఇదే జాతిలో పెద్దది ఒకటి వాళ్ళ ఊళ్ళో ఉంటుందట. దాని నడుమ తొలిచి, ఊరే రసాన్ని తీసి పులియబెడితే తెల్లగా, నురగగా పుల్కే అవుతుందట. వాళ్ళ తాత రోజూ తాగేవాడట. నాన్న పక్కనే ఉన్నాడు గనక నేను కల్లు అనే మాట రానీయకుండా, అదొక రకం పానీయం అన్నాను. పులియబెట్టడం చేతులతో చేసి చూపించేసింది సిస్టరమ్మ. నాన్నకు అనువాదం అక్కర్లేకపోయింది. ఇన్నేళ్ళుగా దాటిపోయిన ఆ కంచెను అప్పుడే కొత్తగా చూస్తున్నట్టు చూశాడు.

కొన్నాళ్ళకు అడవి ఊరి నుంచి ఒక పెద్దాయన, మనవరాలి జ్వరం తగ్గిన సంతోషంలో సొరబుర్ర నిండా జీలుగు కల్లు పట్టుకుని దవాఖానాకు వచ్చాడు. నేను అక్కడే ఉన్నాను. సిస్టరమ్మ బుర్ర అందుకుని, వాసన చూసి, ముందు రెండు చుక్కలు నేల మీద వంచింది. పుల్కే తాగే ముందు వాళ్ళు భూమికి అలా వంచుతారట. పెద్దాయన తెల్లబోయాడు. వాళ్ళ ఊళ్ళోనూ తాగే ముందు నేలకు సాక పోస్తారు. ఆయన తన భాషలో ఏదో అని నవ్వాడు, ఆమె తన భాషలో ఏదో అని నవ్వింది. మధ్యలో దుబాసీని నేను పనీపాటా లేకుండా నిలబడ్డాను. ఆమె ఒక గుక్క తాగి, కళ్ళు ఒత్తుకుని, మా తాత అంది.

ఈ సంగతి సాయంత్రానికల్లా నాన్నకు చేరింది. సిస్టరమ్మనే కల్లు తాగిందట గద అన్నాడు, ఎవరితోనూ కాదన్నట్టు దూలం వైపు చూస్తూ. ఆవిడ ప్రమాణం చేయలేదు, నువ్వు చేశావు అంది అమ్మ, కత్తిపీట మీంచి తల ఎత్తకుండా. ఆ పూట వంకాయలు చాలా సన్నగా తరిగింది.

డిసెంబరు వచ్చింది. ఆ నెలలో వాళ్ళ దేశంలో మరియమాతకు పెద్ద పండుగట. ఆ రోజు పూజ అయ్యాక చర్చి ఆవరణలో అందరికీ తన ఊరి పానీయాలు పోయాలని సిస్టరమ్మ ముచ్చటపడింది. గోంగూర డొప్పల నీళ్ళు పిల్లలకు, మక్కజావ ముసలివాళ్ళకు, పెద్దవాళ్ళకు తెపాచే. ఈ తెపాచే కొత్త పేరు. భద్రాచలం బజారు నుంచి అనాసపళ్ళు తెప్పించి, ముక్కలు దవాఖానాలో రోగులకు పంచి, తొక్కలు తను ఉంచుకుంది. ఆ తొక్కలు, బెల్లం, దాల్చినచెక్క, లవంగాలు కొత్త కుండలో వేసి, నీళ్ళు పోసి, మూతికి బట్ట కట్టి వదిలేస్తే అదే పొంగి నురగ కడుతుందట. అయితే సిస్టర్లు ఉండే కాన్వెంటులో చలికి నురగ రావడం లేదు. మా వంటింట్లో బొగ్గుల పొయ్యి పక్కన వెచ్చగా ఉంటుందని కుండ తెచ్చి మా ఇంట్లో పెట్టింది. సిస్టర్ అడిగితే కాదనే ధైర్యం అమ్మకు లేదు.

కుండ, బెల్లం, పులుపు, మూతికి బట్ట. అది ఏ పనికి తొలిమెట్టో మా అడవి పక్కన ఎవరికీ చెప్పనక్కర్లేదు. నాన్న ఏమీ ఎరగనట్టు వంటింట్లోకి వచ్చి, గిదేంది అని అడిగాడు. నేను పేరు చెప్పాను. ఆయన ఆ పేరును రెండుసార్లు నోట్లో తిప్పుకున్నాడు.

"తెపాచే అని నేను ప్రమాణంల చెప్పలే గద."

ఆయన హాస్యానికే అన్నాడేమో, నాకు మాత్రం నవ్వు రాలేదు. అమ్మ లోపలికి వెళ్ళి, మంచం కింది ట్రంకు పెట్టె లాగి, దుమ్ము దులిపి, మూత తెరిచి పెట్టింది. నా బట్టలు తీసి విడిగా మడతపెట్టడం కూడా చూశాను. పెనుబల్లి మంచి ఊరే. కానీ నాన్న గేటు దగ్గర ఒక్కడే కూర్చుని రోడ్డు చూస్తూ ఉండటం తలుచుకుంటే నాకు అన్నం దిగేది కాదు.

సిస్టరమ్మకు ఉన్నమాట చెప్పేస్తే పోయేది. నేను చెబుతానన్నాను. అమ్మ ఒప్పుకోలేదు. మన సంగతి కాలనీకి తెలిసింది, చర్చికి తెలిసింది, ఇప్పుడు మెక్సికోకు కూడా తెలియాలా అంది. పరువు దగ్గర అమ్మతో వాదించి గెలిచినవాళ్ళు లేరు.

అమ్మ తన సంసారమంతా కుండ పక్కకు మార్చింది. కూరగాయలు అక్కడే, బియ్యం ఏరడం అక్కడే, జపమాల అక్కడే. కుండ లోపల నుంచి బుసబుసలు మొదలైతే అమ్మ జపం వేగం పెరిగేది. నాన్న మంచినీళ్ళకని వచ్చినా అమ్మే లేచి ముంచి ఇచ్చేది. ఆయనకు ఆ రోజుల్లో దాహం కూడా కాస్త ఎక్కువగానే ఉండేది. ఇద్దరూ కుండ గురించి ఒక్క మాట మాట్లాడుకోలేదు, కుండ మాత్రం రోజంతా గొణుగుతూనే ఉండేది.

చివరికి అమ్మ ఫాదర్‌గారినే ఇంటికి పిలిపించింది. ఇది షర్బతా, సారానా తేల్చమంది. ఫాదర్‌గారు బాగా చదువుకున్న మనిషి, అందుకని సూటిగా చెప్పలేకపోయారు. మొదట్లో షర్బత్, నాలుగు రోజులు పోతే కల్లుకు చెల్లెలు, ఇంకా వదిలేస్తే పచ్చళ్ళలో వేసే వెనిగర్ అన్నారు. అయితే ఏ పూట నుంచి పాపమో చెప్పండి అంది అమ్మ. ఆయన బట్ట విప్పి వాసన చూశారు. సరిగా తెలియనట్టు ఇంకోసారి చూశారు. మళ్ళీ జాగ్రత్తగా కట్టేసి, దేవుడు మనసును చూస్తాడమ్మా అన్నారు. ఆ తీర్పు నాన్నకు బాగా నచ్చింది. అమ్మ ఫాదర్‌గారికి టీ ఇచ్చింది గానీ బిస్కెట్లు పెట్టలేదు.

పండుగ రోజు పూజ అయ్యాక చర్చి ముందు షామియానా కింద జనం చేరారు. కాలనీవాళ్ళు, అడవి ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళు, దవాఖానాలో కాలికి కట్టు కట్టించుకుని అటే వచ్చేసినవాళ్ళు. సిస్టరమ్మ కోరిక మీద కుమ్మరి దగ్గర మట్టి ముంతలు చేయించారు. పిల్లలు ఎర్రనీళ్ళు తాగి, మూతులు ఎర్రగా చేసుకుని తిరుగుతున్నారు. నిలబడి తాగొద్దు, ఎత్తిపోసుకోవద్దు, పెదవులు ఆనించండి అని నేను గొంతు చించుకుంటున్నాను. ఒక్కరూ వినలేదు. మక్కజావ గిన్నె దగ్గర మాత్రం ముసలమ్మలు బుద్ధిగా కూర్చుని, ఉప్పు తక్కువైందని ఒకరికొకరు చెప్పుకుంటున్నారు.

సిస్టరమ్మ తెపాచే చెంబు పట్టుకుని ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి, పోసి, సలూ అని ముందుకు కదులుతోంది. పోయించుకున్నవాళ్ళంతా తాగుతూ తాగుతూ ఒకవైపే చూస్తున్నారు. అక్కడ చివర్లో సైకిళ్ళ పక్కన నాన్న నిలబడి ఉన్నాడు. అటు ఆడవాళ్ళ గుంపులో అమ్మ. ఆమె నాన్న వైపు చూడటం లేదు, నేల వైపు చూస్తోంది. నేను పిల్లల మధ్య ఇరుక్కుని ఉన్నాను. అక్కడి నుంచి సిస్టరమ్మను పిలిచాను, నా గొంతు నాకే వినపడలేదు.

ఆమె ఒక ముంత నింపి నాన్న చేతిలో పెట్టింది. నాన్న మొహంలో మా వంటింట్లో కనపడిన కొంటెతనం ఏమీ లేదు. ముంతలో నురగ చిటపటమంటోంది. ఆయన దాన్ని చూడకుండా సిస్టరమ్మ భుజం మీంచి ఎటో చూస్తున్నాడు.

"సాలు సిస్టరమ్మా," అన్నాడు మెల్లగా. "నాకు సాలు."

సిస్టరమ్మ మొహం వెలిగిపోయింది. ఇన్ని నెలలుగా ఆమె అందరికీ సలూ చెబుతూనే ఉంది, తిరిగి చెప్పిన పాపాన ఎవరూ పోలేదు. మొదటిసారి ఒక మనిషి తనంతట తనే అన్నాడు, అదీ రెండుసార్లు. ఆమె తన ముంత ఎత్తి, నాన్న కళ్ళలోకి తృప్తిగా చూసి, ముంతకు ముంత టక్కున తాకించి, గటగటా తాగేసింది.

తాకించాక తాగకుండా దించితే ఏమిటో మా ఇంట్లో అందరికీ తెలుసు. పైగా ఎదురుగా ఉన్నది సిస్టరమ్మ, రోజూ ఎవరెవరి పుళ్ళో కడిగే చేయి. నాన్న ముంతను పైకెత్తలేదు, కిందికి దించలేదు. పొంగిన నురగ వేళ్ళ మీదుగా కారుతోంది. మాట్లాడుకుంటున్నవాళ్ళు ఒక్కొక్కరే ఆగిపోయారు. నేను పిల్లలను తోసుకుంటూ అటు పరుగెత్తాను.

నాకంటే ముందు అమ్మ వెళ్ళింది. కొంగు నడుముకు దోపుకుని మగవాళ్ళ మధ్య నుంచి నడిచి, నాన్న చేతిలోని ముంత లాక్కుంది. నేలకేసి కొడుతుందనుకున్నాను. నాన్న కూడా అదే అనుకుని ఒక అడుగు వెనక్కి వేశాడు. అమ్మ ముంతను ఎత్తిపట్టి, తల వెనక్కి వంచి, నిలబడే, ఎవరి కళ్ళలోకీ చూడకుండా, మొత్తం నోట్లోకి పోసుకుంది. సిస్టరమ్మ నేర్పిన పద్ధతుల్లో ఒక్కటీ పాటించలేదు.

జన్మలో దగ్గుమందు తప్ప ఇంకేమీ ఎరగని మనిషి. కళ్ళు మూసుకుని నిలబడింది. ఉన్నట్టుండి ముక్కులోంచి పెద్ద త్రేన్పు వచ్చింది. జనం గొల్లుమన్నారు. పాపం దాహమేసినట్టుంది అనుకుని సిస్టరమ్మ ముంత మళ్ళీ నింపింది. అమ్మ ఈసారి ముంతలోకి చాలాసేపు చూసింది. తర్వాత పెదవులు ఆనించి, కొంచెం కొంచెంగా, చివరి చుక్క దాకా తాగింది. అప్పటికి నేను వాళ్ళ పక్కకు చేరాను.

అమ్మ నాన్న వైపు తిరిగింది. కోపం లేదు ఆ మొహంలో. ఏదో పెద్ద లెక్క తప్పు చేసినట్టు ఉంది.

"ఇది ఇంత బాగుంటుందా?" అంది. "నేను చేదుగా ఉంటుందనుకున్నానయ్యా ఇన్నాళ్ళూ. చేదు మానేయడానికి ఇంత దిగులు దేనికని తిట్టుకున్నా."

నాన్న వేళ్ళకు అంటుకున్న నురగను అందరి ముందూ తన కొంగుతో తుడిచింది. నాన్న చేతిని వెనక్కి తీసుకోలేదు. రెండుసార్లు గొంతు సవరించుకున్నాడు. తర్వాత అమ్మకు మాత్రమే వినపడేలా తల వంచి అన్నాడు, పక్కనే ఉన్నాను గనక నేనూ విన్నాను.

"గిదేం బాగుంది. కల్లు ఇంకా మంచిగుంటదే."